నడుము గట్టిపడాలంటే: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఫిజియోథెరపిస్ట్‌గా నేను రోజూ వినే మాట ఒకటుంది: “నాకు నడుము నొప్పి, బరువులు ఎత్తకూడదు కదండీ?” నడుమంటే గాజు గ్లాసు అన్నట్టు మాట్లాడతారు. అక్కణ్ణుంచే మొదలుపెడదాం.

అపోహ: నడుము నొప్పి ఉంటే బరువుల జోలికి వెళ్లకూడదు.

వాస్తవం: బరువు మోయడమే నడుము పని. వెన్నుకి రెండు పక్కలా పొడుగ్గా సాగే ఎరెక్టర్ స్పైనే, వాటి లోపల వెన్నుపూసలను పట్టి ఉంచే మల్టిఫిడస్, అన్నీ కండరాలే. తొడ కండరం పని చెబితే ఎలా బలపడుతుందో ఇవీ అలాగే బలపడతాయి, పని లేకపోతే నీరసిస్తాయి. ఇబ్బందంతా తొందరపాటుతోనే. ఆరు నెలలు కుర్చీ వదలనివాళ్లు ఒక్కసారిగా జిమ్‌కెళ్లి పెద్ద బరువుతో డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును వంగి పట్టుకుని లేచి నిలబడడం) చేస్తే నడుము పట్టేయడంలో వింతేముంది?

మొదట తుంటి దగ్గర వంగడం నేర్చుకోండి. మోకాళ్లు కొద్దిగా మడిచి, పిరుదులు వెనక్కి నెట్టి, వీపు గూనిలా వంచకుండా తిన్నగా ఉంచి వంగి లేవాలి. అది కుదిరాక చేతిలో తేలికపాటి డంబెల్ పట్టుకోండి. పదిసార్లు చేశాక ఇంకో రెండు మూడు చేయగలననిపించే బరువు చాలు. చేస్తున్నప్పుడు కాస్త నొప్పి తెలిసినా మర్నాటికి తగ్గిపోతే భయం లేదు. మర్నాడు ఇంకా పెరిగిందంటే బరువు తగ్గించాలి. మానేయాల్సిన పని లేదు.

అపోహ: ఎమ్మారైలో డిస్క్ బల్జ్ (వెన్నుపూసల మధ్య దిండులా ఉండే డిస్క్ బయటికి ఉబ్బడం) వచ్చింది, ఇక జీవితాంతం జాగ్రత్తే.

వాస్తవం: రిపోర్టు చూసి వచ్చే టెన్షన్ కొందరిని నొప్పి కన్నా ఎక్కువ కుంగదీస్తుంది. నొప్పే లేనివాళ్ల స్కాన్‌లను సమీక్షించి 2015లో ఒక అధ్యయనం వచ్చింది. ఇరవై ఏళ్లవాళ్లలో దాదాపు 30 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 84 శాతం మందికి డిస్క్ బల్జ్ కనిపించింది. అంటే చాలామందిలో అది నెరిసిన జుట్టులా వయసుతో వచ్చే మార్పే. జారిన డిస్క్ ముక్క కూడా చాలాసార్లు నెలల్లో దానంతటదే కుంచించుకుపోతుంది. కాలు లాగుతూ తిమ్మిరెక్కుతుంటే మాత్రం రిపోర్టునూ లక్షణాలనూ కలిపి డాక్టరే చూడాలి.

అపోహ: ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని బల్లలా తిన్నగా నిలపడం) చేస్తున్నాను, నడుముకి అది చాలు.

వాస్తవం: ప్లాంక్ మంచిదే కానీ, అందులో ఎక్కువ కష్టపడేది పొట్ట కండరాలు. వెనకభాగానికి వేరే పని చెప్పాలి. మోకాళ్లు, చేతుల మీద ఉండి ఎదురెదురు చెయ్యీ కాలూ చాపే బర్డ్ డాగ్‌తో మొదలుపెట్టి, బోర్లా ఉండి ఛాతీ పైకెత్తే బ్యాక్ ఎక్స్‌టెన్షన్‌కీ, ఆపైన బరువు పట్టుకుని తుంటి దగ్గర వంగి లేచే రొమేనియన్ డెడ్‌లిఫ్ట్‌కీ వెళ్లొచ్చు. పక్కలకి, ఒక వైపు తిరిగి మోచేతి మీద ఒంటిని నిలిపే సైడ్ ప్లాంక్ ఉంది. ఇవన్నీ రోజూ చేయనక్కర్లేదు. బరువుతో చేసేవైతే వారానికి రెండు మూడు రోజులు చాలు. అందరూ ఎగ్గొట్టేది మాత్రం నడక. దానికి సెలవు అవసరం లేదు.

అపోహ: నొప్పి తగ్గేదాకా మంచం దిగకూడదు.

వాస్తవం: ఇది పాతకాలపు సలహా. 1986లోనే రెండు రోజుల విశ్రాంతినీ ఏడు రోజుల విశ్రాంతినీ పోల్చి చూశారు. ఎక్కువ పడుకున్నవాళ్లకి అదనంగా ఒరిగిందేమీ లేదు, పైగా పనికి వెళ్లని రోజులు పెరిగాయి. నడుము బెల్టు సంగతీ అంతే: దీర్ఘకాలిక నడుము నొప్పికి దాన్ని మామూలుగా వాడొద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల్లో చెప్పింది.

అపోహ: అసలు ముందుకి వంగకూడదు.

వాస్తవం: వంగకుండా బతకడం కుదరదు, అలవాటు చేసుకోవడమే దారి. ఒక్క సంగతి చూసుకోండి. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, అందుకే పొద్దున్నే నడుము బిగుసుకున్నట్టుంటుంది. బరువులెత్తడం లేచిన గంట తర్వాత పెట్టుకుంటే హాయి.

ఇవేవీ పట్టించుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిన సందర్భాలున్నాయి: మూత్రం, మలం మీద అదుపు తప్పడం లేదా మూత్రం రాకపోవడం, తొడల మధ్య స్పర్శ తగ్గడం, పాదం ఎత్తలేకపోవడం, నొప్పితో పాటు జ్వరం, కింద పడ్డాక మొదలైన తీవ్రమైన నొప్పి. గతంలో క్యాన్సర్ ఉన్నవాళ్లు, కారణం లేకుండా బరువు తగ్గుతున్నవాళ్లు కూడా వ్యాయామం కన్నా ముందు డాక్టర్‌కి చూపించుకోవాలి.