నాలుగో రోజు చుక్క

మా నాయనమ్మ గుడ్లు పొదిగించేది. భువనగిరి దగ్గర మా ఊళ్లో, గంపలో వరిగడ్డి పరిచి నాటుకోడిని కూర్చోబెట్టేది. నాలుగో రోజు రాత్రి దీపం ఆర్పి, గుడ్డును పిడికిట్లో పట్టుకుని కిందనుంచి టార్చిలైటు వేసేది. పెంకు నారింజ రంగులో వెలిగేది. లోపల సాలెగూడులా సన్నటి ఎర్రటి దారాలు, వాటి మధ్య ఆవగింజంత చుక్క. చుక్క కదిలితే గుడ్డు మళ్లీ కోడి కిందికి పోయేది. కదలకపోతే పక్కకు.

ఆ చుక్క గుండె అని నాకు చాలా ఏళ్ల తర్వాత, హబ్సిగూడలో అద్దెకుండి చదువుకునే రోజుల్లో తెలిసింది. ఇంకా రెక్కలు లేవు, ముక్కు లేదు, గుండె మాత్రం అప్పుడే డ్యూటీ ఎక్కేసింది! కోడి పిండంలో అది రెండో రోజే మొదలవుతుంది, మనిషి పిండంలో ఇంచుమించు 22వ రోజున. అప్పటికి దానికి గదులు లేవు, కవాటాలు లేవు, ఒట్టి గొట్టం. ఆ గొట్టం కుడివైపుకు మెలిక తిరుగుతుంది, ఆ మెలికలోంచే నాలుగు గదులూ విడివడతాయి. ఈ దారిలో ఎక్కడైనా తేడా వస్తే బిడ్డ గుండె లోపంతో పుడుతుంది. నూరుమంది పిల్లల్లో ఇంచుమించు ఒకరికి ఇలా అవుతుంది.

కొట్టుకోమని చెప్పే నరాలు అప్పటికి ఆ గొట్టం దాకా రానేలేదు. కణంలో కాల్షియం పెరుగుతూ తగ్గుతూ ఉంటే కణమే ముడుచుకుంటుంది, విచ్చుకుంటుంది. ఎవరి ఆర్డరూ అక్కర్లేదు.

ఇదే తంతును ల్యాబ్‌లో ప్లాస్టిక్ గిన్నెలో నడిపించవచ్చు. దానికి స్టెమ్ సెల్స్ కావాలి, అంటే ఇంకా ఏమవ్వాలో తేల్చుకోని మూలకణాలు. వాటికోసం పిండం దాకా పోనక్కర్లేదని జపాన్‌లో షిన్యా యమనాకా చూపించారు. 2006లో ఎలుక చర్మకణాల్లో నాలుగు జన్యువులను పనిచేయించి వాటిని మళ్లీ మూలకణాల్లాంటి స్థితికి తెచ్చారు, మరుసటి ఏడు మనిషి కణాలను కూడా. 2012లో నోబెల్ వచ్చింది.

మరి మూలకణం గుండె కణం కావాలంటే? అరిసెల పాకం పట్టినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. అదే బెల్లం, అదే పొయ్యి, దించే క్షణమే తేడా. ఇక్కడ పొయ్యి లాంటిది వింట్ అనే సంకేతం. మొదటి రోజు దాన్ని బాగా పెంచాలి. మూడో రోజుకల్లా అదే సంకేతాన్ని అణచాలి. అణచకపోతే గుండె కణాలు సరిగా రావు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2012లో ఈ పద్ధతిని రెండు మందులతో తేలిక చేసి చూపించారు.

ఒకసారి ఒక స్నేహితురాలు తన ల్యాబ్‌లో నన్ను మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టింది. గులాబీరంగు ద్రవం అడుగున బూడిదరంగు పొర. ఏమీ లేదనుకుని తల ఎత్తబోతుండగా ఒక మూల చిన్నగా అదిరింది. ఆగింది. మళ్లీ అదిరింది. కాస్త అవతల ఇంకో ముక్క, దాని లెక్క వేరు. "ఇవి రెండూ పెరిగి ఒకదానికొకటి తగిలితే ఒకే తాళంలో పడతాయి" అంది. బోనాల్లో రెండు డప్పుల గుంపులు ఎదురైనప్పుడు జోరున్న దెబ్బే రెండోదాన్ని కూడా లాక్కుపోతుంది చూడండి, అలాగన్నమాట.

ఈ గిన్నెలతో మనకేం పని అంటే, హబ్సిగూడలో కణాల మీద పరిశోధన చేసే సంస్థ సీసీఎంబీ కథే చెప్పాలి. అక్కడి కుమారస్వామి తంగరాజ్, సహ పరిశోధకులు 2009లో ఎంవైబీపీసీ3 అనే గుండె కండర జన్యువులో 25 డీఎన్ఏ అక్షరాలు ఎగిరిపోయిన రకాన్ని గుండె కండర జబ్బుతో ముడిపెట్టారు. భారత ఉపఖండంలో ఇంచుమించు నూటికి నలుగురిలో అది ఉంది. కుర్రతనంలో చాలామందికి ఏమీ తెలియదు, వయసు మీద పడ్డాక ముప్పు పెరుగుతుంది. అలాగని బతికున్న మనిషి గుండెను ప్రతి ప్రశ్నకూ కోసి చూడలేం కదా. కాస్త రక్తం తీసుకుని, అందులోని కణాలను మూలకణాలుగా, వాటిని గుండె కణాలుగా మారిస్తే, ఆ మనిషి లోపమే గిన్నెలో కనిపిస్తుంది. మందును ముందు దాని మీదే ప్రయత్నించవచ్చు. నన్నడిగితే మూలకణాల అసలు ఉపయోగం ప్రస్తుతానికి ఇదే. "స్టెమ్ సెల్స్‌తో అన్ని రోగాలూ నయం" అనే బోర్డులను నేను నమ్మను.

గుండెపోటులో చచ్చిపోయిన కండరాన్ని తిరిగి పెంచడం మాత్రం అందరి ఆశ. పాతికేళ్ల వయసులో మన గుండె ఏడాదికి తన కండర కణాల్లో ఒక్క శాతమే కొత్తగా తయారుచేసుకుంటుంది, ఆ తర్వాత అదీ తగ్గుతుంది. అందుకే 2014లో సియాటెల్‌లో చార్లెస్ మర్రీ బృందం కోతుల దెబ్బతిన్న గుండెల్లోకి మూలకణాల నుంచి తయారుచేసిన గుండె కణాలను వంద కోట్ల దాకా ఎక్కించింది. అవి బతికాయి, పాత కండరంతో కలిసి కొట్టుకున్నాయి. కానీ గుండె లయ తప్పింది.

కారణం ఏమిటంటే, ఆ కణాలు ఇంకా పిండంలోని గుండె కణాల్లాంటివే. ఎదిగిన గుండెలో కింది గదుల కండరం పైనుంచి సంకేతం వచ్చేదాకా ఊరికే ఉంటుంది. వీటికి ఆగడం చేతకాదు, తనంతట తాను కొట్టుకోవడమే వచ్చు. 2023లో అదే బృందం మూడు జన్యువులు తీసేసి, ఒకదాని జోరు పెంచి, కొత్త రకం కణాలను తయారుచేసింది. గిన్నెలో అవి కదలవు. కరెంటు దెబ్బ ఇస్తేనే ఒకసారి ముడుచుకుంటాయి. గుండెలో పెడితే అంతకుముందులా లయ చెడగొట్టలేదు.

టార్చిలైటు వేసి చూస్తే మా నాయనమ్మ వాటిని పక్కన పెట్టేసేది.