ఏసీఎల్ ఆపరేషన్: ఏ గ్రాఫ్ట్, ఏ పద్ధతి? కొన్ని అపోహలు, వాస్తవాలు

మోకాలి లోపల తొడ ఎముకను కింది (కాలి) ఎముకతో కట్టి ఉంచే లిగమెంటే ఏసీఎల్. తెగినదాని స్థానంలో ఒంట్లో మరోచోటి నుంచి తీసిన టెండన్‌ను (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) వేయడమే ఆపరేషన్, అలా వేసేదే గ్రాఫ్ట్. ఏసీఎల్ తెగిందని ఎంఆర్‌ఐ రిపోర్టు చేతికి రాగానే వచ్చే మొదటి ప్రశ్న "ఏ టెక్నిక్ మంచిది డాక్టర్ గారూ?" అనే. యూట్యూబ్ చూసొచ్చినవాళ్లయితే డబుల్ బండిల్ (గ్రాఫ్ట్‌ను రెండు పాయలుగా వేయడం), ఆల్ ఇన్‌సైడ్ (రంధ్రాలు కీలు లోపలి నుంచే వేయడం) అని పేర్లు పెట్టి మరీ అడుగుతారు. మోకాలి పట్టు రెండు రకాలని ముందు తెలుసుకోవాలి. కింది ఎముక ముందుకు జారకుండా ఉండటం ఒకటి. పాదం ఆనించి గిర్రున తిరిగినప్పుడు మోకాలు పక్కకు తప్పకుండా ఉండటం రెండోది. మోకాలు 20–30 డిగ్రీలు వంచి కింది ఎముకను ముందుకు లాగే లాక్‌మన్ పరీక్షలో మొదటిది తెలుస్తుంది, కాలిని మెలితిప్పి మోకాలు వంచుతూ చూసే పివట్ షిఫ్ట్ పరీక్షలో రెండోది. మొదటిదాన్ని దాదాపు అన్ని పద్ధతులూ సరిచేస్తాయి. అసలు తేడాలు రెండోదాని దగ్గరే.

అపోహ: ఏసీఎల్ తెగితే ఆపరేషన్ తప్పదు.

వాస్తవం: స్వీడన్‌లో 121 మంది మీద జరిగి 2010లో వెలువడిన కానన్ అధ్యయనంలో ఒక వర్గానికి ముందు వ్యాయామం చేయించి, అవసరమైతేనే ఆపరేషన్ చేశారు. ఆ వర్గంలో ఐదేళ్ల తర్వాత కూడా దాదాపు సగం మంది ఆపరేషన్ లేకుండానే ఉన్నారు. నడక, బండి, ఆఫీసు వరకే జీవితం అయినవాళ్లు మూడు నెలలు గట్టిగా ఫిజియోథెరపీ చేసి చూడొచ్చు. కబడ్డీ, ఫుట్‌బాల్ ఆడేవాళ్లు, మెట్లు దిగేటప్పుడు కూడా మోకాలు పట్టు తప్పేవాళ్లు, కుట్టదగిన మెనిస్కస్ (కీలు మధ్య మెత్తలాంటి మృదులాస్థి) చిరుగు ఉన్నవాళ్ల సంగతి వేరు. మెనిస్కస్ ముక్క అడ్డుపడి కాలు చాపలేకపోతుంటే మాత్రం ఆగకూడదు.

అపోహ: ఎంత త్వరగా చేయించుకుంటే అంత మంచిది.

వాస్తవం: వాపుతో బిగుసుకున్న మోకాలికి చేస్తే ఆ బిగుతు అలాగే మిగిలిపోవచ్చు. వాపు తగ్గాలి, కాలు పూర్తిగా చాపగలగాలి, కనీసం 120 డిగ్రీలు వంగాలి, పడుకుని మోకాలు వంగకుండా కాలు పైకెత్తగలగాలి. క్యాలెండర్ చూసి తేదీ పెట్టేకంటే ఇవి చూసి పెట్టడం మేలు.

అపోహ: అందరికీ సరిపడే గ్రాఫ్ట్ ఒకటుంది.

వాస్తవం: లేదు. ప్రతిదానికీ ఒక మూల్యం ఉంటుంది.

మోకాలి చిప్ప కిందనుండే పటెల్లా టెండన్‌లో మధ్య భాగం 10 మి.మీ. వెడల్పున, రెండు కొసలా 20–25 మి.మీ. ఎముక ముక్కలతో తీస్తారు. ఎముక ఎముకతో ఆరు వారాల ప్రాంతంలో అతుక్కుంటుంది, పట్టు గట్టిగా ఉంటుంది. కానీ మోకాళ్ల మీద కూర్చుంటే నొప్పి పుట్టడం దీంతోనే ఎక్కువ. నమాజు చేసేవాళ్లకు, నేల మీద పనిచేసేవాళ్లకు ఈ మాట ముందే చెప్పాలి. చెప్పనిచోట ఆపరేషన్ బాగా కుదిరినా పేషెంటు సంతోషంగా ఉండరు.

హామ్‌స్ట్రింగ్ అంటే తొడ వెనక నుంచి వచ్చే రెండు నరాలు (మన వాడుకలో నరాలే గానీ నిజానికి టెండన్లు). వాటిని మడిచి నాలుగు పేటలు చేస్తారు. మందం 8 మి.మీ. కంటే తక్కువైతే, ముఖ్యంగా కుర్రవాళ్లలో, మళ్లీ తెగే అవకాశం పెరుగుతుంది. సన్నగా, పొట్టిగా ఉన్నవాళ్లలో తరచూ 7 దగ్గరే ఆగుతుంది. అప్పుడు ఐదారు పేటలు చేయాలి. ఈ టెండన్ తీయడంలోనూ ఒక చిక్కుంది. ఆ రెంటిలో ఒకటైన సెమీటెండినోసస్ నుంచి పిక్క కండరం వైపు ఒక పట్టీ పోతుంది. దాన్ని వేలితో తడిమి కోయకుండా స్ట్రిప్పర్ (టెండన్‌ను ఒలిచి తీసే పరికరం) తోస్తే అది దారి తప్పి టెండన్‌ను సగంలోనే తెంపేస్తుంది. లాగినప్పుడు పిక్క మీది చర్మం లోపలికి గుంజుకుంటోందంటే పట్టీ ఇంకా మిగిలే ఉందని అర్థం.

చీలమండ బయటి వైపు నుంచి తీసే పెరోనియస్ లాంగస్ మన దేశంలో బాగా వాడుకలోకి వచ్చింది. పొడవు, మందం రెండూ బాగుంటాయి. మోకాలి లోపక్క లిగమెంట్ కూడా తెగినవాళ్లలో హామ్‌స్ట్రింగ్‌ను ముట్టుకోనక్కర్లేదు. మిగిలిన కింది కొసను పక్కనున్న పెరోనియస్ బ్రెవిస్‌కు కుట్టాలి. పాదాన్ని బయటికి తిప్పే బలం కొంత తగ్గొచ్చు కాబట్టి పరుగు వీరులకు మేం దీన్ని చివరి వరసలోనే పెడతాం. తొడ ముందు నుంచి తీసే క్వాడ్రిసెప్స్ టెండన్ మందంగా వస్తుంది, కానీ తొడ బలం తిరిగి రావడం ఆలస్యం.

అపోహ: డబుల్ బండిల్ అంటే రెట్టింపు బలం.

వాస్తవం: కొలతల్లో మెలిక పట్టు (మొదట్లో చెప్పిన రెండో రకం పట్టు) కొంత మెరుగ్గా కనిపించిన అధ్యయనాలున్నాయి. పేషెంటు రోజువారీ అనుభవంలో ఆ తేడా పెద్దగా తేలలేదు. టన్నెళ్లు (గ్రాఫ్ట్ దూర్చడానికి ఎముకలో వేసే రంధ్రాలు) రెట్టింపు, తర్వాత మళ్లీ చేయాల్సివస్తే తలనొప్పీ రెట్టింపు.

అపోహ: గ్రాఫ్ట్ గట్టిదైతే చాలు.

వాస్తవం: రంధ్రం తప్పుచోట పడితే ఎంత గట్టి గ్రాఫ్టయినా దండగే. పాత ట్రాన్స్‌టిబియల్ పద్ధతిలో కింది ఎముక రంధ్రం గుండానే తొడ ఎముకకు రంధ్రం వేసేవారు. గ్రాఫ్ట్ నిటారుగా పడేది. అలాంటి మోకాళ్లలో లాక్‌మన్ గట్టిగానే ఉంటుంది, పివట్ షిఫ్ట్ మాత్రం పోదు. ఆటగాడు "ముందుకి బానే ఉంది సార్, తిరిగితే నమ్మకం లేదు" అంటాడు. లోపక్క పోర్టల్ (పరికరాలు దూర్చే చిన్న గాటు) నుంచి విడిగా రంధ్రం వేస్తే లిగమెంట్ అసలు పుట్టే చోటే దొరుకుతుంది. కాకపోతే డ్రిల్ చేసేటప్పుడు మోకాలు 110–120 డిగ్రీలు దాటి వంగి ఉండాలి. అసిస్టెంట్ చేయి కాస్త సడలి 90 దగ్గర నిలిపితే టన్నెల్ పొట్టిదవుతుంది, వెనక గోడ పగిలిపోతుంది. పక్కనున్న ఎముక మీది మృదులాస్థిని డ్రిల్ గీరే ప్రమాదమూ ఉంది. కింది ఎముకలో రంధ్రం మరీ ముందుకు పడితే, కాలు చాపినప్పుడు గ్రాఫ్ట్ తొడ ఎముక గాడి పైకప్పుకు తగిలి కాలు పూర్తిగా చాపనివ్వదు.

ఆపరేషన్ తర్వాత ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి ఎక్స్‌రే తీయించి దాచుకోండి. టన్నెళ్ల దిశ, గ్రాఫ్ట్‌ను పట్టి ఉంచే బటన్ ఎముకను అంటి కూర్చుందా, మధ్యలో కండరం ఇరుక్కుందా అన్నవి అందులో తెలుస్తాయి.

అపోహ: మెలికను ఆపడానికి మోకాలి బయటి పక్కన వేసే అదనపు పట్టీ రెండోసారి ఆపరేషన్ అయ్యేవాళ్లకే.

వాస్తవం: 2020లో వెలువడిన స్టెబిలిటీ అధ్యయనంలో 14–25 ఏళ్ల వయసున్న 618 మందిని పోల్చారు. హామ్‌స్ట్రింగ్ గ్రాఫ్ట్ ఒక్కటే వేసినవాళ్లలో రెండేళ్లలో 11 శాతం మందికి గ్రాఫ్ట్ తెగింది, పక్క పట్టీ కూడా వేసినవాళ్లలో 4 శాతం మందికి. తొడ బయటి పక్కనున్న ఐటీ బ్యాండ్ నుంచి 1 సెం.మీ. వెడల్పు, 8 సెం.మీ. పొడవున్న పట్టీ తీసి, కింది కొస అలాగే ఉంచి, బయటి లిగమెంట్ కింద నుంచి దూర్చి, తొడ ఎముకకు బిగిస్తారు. పాదాన్ని బయటికి తిప్పి ఉంచి బిగుతుగా కడితే కీలు బయటి సగం మీద ఒత్తిడి పడుతుంది. పాదాన్ని ఏ పక్కకూ తిప్పకుండా ఉంచి, దాదాపు లాగకుండానే బిగించాలి. అందరికీ అక్కర్లేదు: వయసు తక్కువ, పివట్ షిఫ్ట్ ఎక్కువ, కీళ్లు సహజంగానే వదులు, మెలికల ఆట. వీటిలో రెండు మూడు కలిస్తే వేయడమే మంచిదని మా అభిప్రాయం.

అపోహ: ఖరీదైన ఇంపోర్టెడ్ స్క్రూతో ఫలితం మారుతుంది.

వాస్తవం: గ్రాఫ్ట్ ఎముకలో కలిసేదాకానే, అంటే టెండన్‌కు 8–12 వారాలు, స్క్రూకైనా బటన్‌కైనా పని. ఆపైన అది ఊరికే ఉంటుంది. గ్రాఫ్ట్‌ను లోపల పెట్టేముందు మి.లీ.కి 5 మి.గ్రా. చొప్పున కలిపిన వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లో తడిపిన గుడ్డలో చుట్టి ఉంచడానికి అయ్యే ఖర్చు స్వల్పం. ఇన్‌ఫెక్షన్ తగ్గించడంలో దాని మేలు చాలా పెద్దది.

అపోహ: నొప్పి పోయింది, ఆరు నెలలయింది, ఇక ఆడొచ్చు.

వాస్తవం: లోపల పెట్టిన టెండన్ మొదట నిర్జీవమై, తర్వాత కొత్త రక్తనాళాలు పట్టి నెమ్మదిగా లిగమెంట్‌గా మారుతుంది. నొప్పి తగ్గే తొలి నెలల్లోనే అది బలహీనంగా ఉంటుంది. నార్వే, అమెరికా కేంద్రాలు కలిసి చేసిన పరిశీలనలో, తొమ్మిది నెలల వరకు ఆటను వాయిదా వేసిన ప్రతి నెలకూ మళ్లీ గాయపడటం 51 శాతం చొప్పున తగ్గింది. ఆ తర్వాతైనా తొడ ముందు కండరం బలం రెండో కాలితో పోలిస్తే 90 శాతం చేరాలి, ఒంటికాలి గెంతు పరీక్షలు నెగ్గాలి. ఇన్ని నెలల్లో ఆ రెండో కాలు కూడా బలం కోల్పోతుంది, దాంతో పోల్చిన 90 శాతం మోసం చేయొచ్చు. అందుకే ఆపరేషన్‌కు ముందే రెండు కాళ్ల బలమూ కొలిపించి కాగితం మీద రాయించుకోండి.