వాన ఉంటే వెలుగుండదు, వెలుగుంటే వాన ఉండదు

నల్లమలలో ఒకే చోట మే నెలలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి నిలబడి చూస్తే అది ఒకే అడవంటే నమ్మబుద్ధి కాదు. మేలో నల్లమద్ది, చిరుమాను, టేకు చాలావరకు మోడులై ఉంటాయి, ఎండ నేరుగా నేల మీద పడుతుంది, కాలు పెడితే ఎండుటాకులు కరకరమంటాయి. ఆగస్టుకి అదే చోట పైన ఆకులు కమ్ముకొని మిట్టమధ్యాహ్నం కూడా కింద మసగ్గానే ఉంటుంది. అందరం పైకి చూసి చెట్లను మెచ్చుకుంటాం గానీ నాకైతే అసలు కథ మోకాలి ఎత్తు లోపలే నడుస్తుందనిపిస్తుంది. అక్కడ బతికే మొక్కకు నీళ్లున్న నెలల్లో వెలుగుండదు, వెలుగున్న నెలల్లో నీళ్లుండవు.

పైగా ఈ రెండు కష్టాలకు మందు ఒకటి కాదు. నీడలో బతకాలంటే ఆకు వెడల్పుగా, పల్చగా ఉండాలి, మొక్క తన సంపాదనలో పెద్ద వాటా ఆకులకే పెట్టాలి. కరువుకు తట్టుకోవాలంటే ఆకు చిన్నదిగా, దళసరిగా ఉండాలి, ఆ ఖర్చంతా వేళ్ల మీద పెట్టాలి. ఆకులు తయారుచేసే చక్కెర కొంచెమే కాబట్టి రెండు చేతులా ఖర్చు చేయడం కుదరదు. అందుకే చాలా మొక్కలు పనిని కాలాల వారీగా పంచుకున్నాయి.

బీడీ ఆకునిచ్చే తునికినే చూడండి. ఫిబ్రవరి, మార్చిలో పొదలు కొట్టేస్తే నెలన్నర తిరిగేసరికి, వాగులన్నీ ఎండిపోయిన నడి వేసవిలో, లేత ఆకు వేస్తుంది. వేలితో రాస్తే మెత్తటి నూగు తగులుతుంది. ములుగు, భద్రాద్రి కొత్తగూడెం వైపు జనం తెల్లారకముందే వెళ్లి కోసి, 50 ఆకుల కట్టలు కట్టి కల్లానికి చేర్చేది ఈ ఆకునే. అంత ఎండలో దానికి నీళ్లెక్కడివి? లోతుకి దిగిన వేరు అందిస్తుంది. పైన పెద్ద చెట్లు గొడుగు విప్పేలోపే కావలసినంత వెలుగు తాగేస్తుంది. కొమ్మ కొట్టినా, కార్చిచ్చు కాల్చినా వేళ్ల నుంచి మళ్లీ పిలకలొస్తాయి.

నక్కవుల్లి ఇంకా విచిత్రం, వేసవిలో ఒక్క ఆకు కూడా లేకుండా నేలలోంచి పూల కాడ ఒక్కటే లేస్తుంది, ఆకులు వానలు పడ్డాకే వస్తాయి. ఖర్చంతా గడ్డ భరిస్తుంది.

నల్లేరు దారి వేరు. పొద మీద పాకే ఆ నాలుగు పలకల కాడను కణుపు దగ్గర విరిస్తే లోపల నీరే నీరు. ఎండాకాలంలో ఉన్న ఆ కాసిని ఆకులూ రాల్చేసి పచ్చటి కాడతోనే ఆహారం తయారుచేసుకుంటుంది. పగలు కాడ మీది సన్నటి గాలి రంధ్రాలు తెరిస్తే నీరు ఆవిరైపోతుంది కాబట్టి రాత్రి చల్లబడ్డాక తెరిచి, కార్బన్ డయాక్సైడ్‌ని ఆమ్లంగా మార్చి దాచుకొని, పగలు తలుపులు మూసుకొని వాడుకుంటుంది. నల్లేరు మీద బండి నడక అంటాం కదా, చక్రం కింద అంత మెత్తగా నలిగేది ఈ నీళ్ల కొట్టే.

మరి వానాకాలపు నీడలో? అక్కడ ఆకుల సందుల్లోంచి జారి నేల మీద కదిలే ఎండ మచ్చలే ఆధారం. కొన్ని అడవుల్లో కింది మొక్కలకు రోజంతా అందే వెలుగులో సగానికి పైగా ఈ మచ్చల్లోనే వస్తుంది. నీడలో ఉన్న ఆకు పూర్తిగా పనిలోకి దిగడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, కానీ ఒక మచ్చ వచ్చి పోయాక కాసేపు సిద్ధంగానే ఉంటుంది, రెండోది పడగానే క్షణం వృథా చేయదు.

అలా చిన్నచిన్నగా కూడబెట్టిందంతా నేలలోకి దిగుతుంది. పిల్లిపీచరను తవ్వితే ఇది కళ్లారా కనిపిస్తుంది: పైన సూదుల్లాంటి పచ్చటి రెమ్మలు, కింద వేలంత లావు తెల్లటి గడ్డలు గుత్తులు గుత్తులుగా. శతావరి పేరుతో అమ్మేది వాటినే. నాలుగు గడ్డలు తీసుకొని మొదలు కదలకుండా మట్టి కప్పేస్తే తీగ మళ్లీ లేస్తుంది, ఎందుకంటే మొలిచే మొగ్గ ఉండేది ఆ మొదల్లోనే. మొత్తం పెళ్లగించి బస్తాలో వేసుకుపోతే జూన్‌లో తొలకరి పడినా ఆ గుంటలో లేవడానికి ఏమీ మిగలదు.