ప్రయోగశాలలో అబద్ధం: ఒక నియమావళి వెనుక కథ

మనస్తత్వ శాస్త్ర ప్రయోగాల్లో పాల్గొనేవారి చేత నేడు ముందుగా సమ్మతి పత్రంపై సంతకం చేయిస్తారు. ఏ ఇబ్బంది కలగవచ్చో, మధ్యలో ఎలా మానుకోవచ్చో అందులో ఉంటుంది. చిక్కేమిటంటే, అన్నీ ముందే చెప్పేస్తే మనుషులు సహజంగా ప్రవర్తించరు. అందుకే ఈ శాస్త్రం చాలాకాలం అబద్ధాన్ని పనిముట్టుగా వాడుకుంది.

1920లో మనస్తత్వ శాస్త్రవేత్తలు జాన్ వాట్సన్, రోజలీ రేనర్ ఒక పసివాడికి తెల్ల ఎలుకను చూపుతూ, వెనుక ఇనుప కడ్డీని సుత్తితో మోగించి భయం నేర్పారు. ఆ భయాన్ని పోగొట్టకుండానే పిల్లవాణ్ని పంపించేశారు. అప్పట్లో అడిగేవారు లేరు. స్వచ్ఛంద సమ్మతి తప్పనిసరి అని, నాజీ వైద్యుల విచారణలో రూపుదిద్దుకున్న న్యూరెంబర్గ్ నియమావళి 1947లో చెప్పింది. మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘమైన అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 1953లో తన తొలి నైతిక నియమావళిని వెలువరించింది.

అయినా 1961లో యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ ప్రయోగం జరిగింది. జ్ఞాపకశక్తిపై అధ్యయనమని చెప్పి జనాన్ని పిలిచి, తప్పు జవాబు చెప్పిన ‘విద్యార్థి’కి కరెంటు షాక్ ఇమ్మన్నారు. షాక్ ఉత్తుత్తిది, విద్యార్థి వేషధారి. 1963లో ప్రచురించిన ఫలితాల్లో 40 మందిలో 26 మంది 450 వోల్టుల మీట దాకా వెళ్లారు, చెమటలు కక్కుతూ, వణుకుతూ. ఆగిపోతామన్నవారికి ‘మీకు వేరే దారి లేదు, కొనసాగించాల్సిందే’ అన్న మాట సిద్ధంగా ఉండేది. మానుకునే హక్కుకు ఇంతకంటే సూటి ఉల్లంఘన ఏముంటుంది?

పరిశోధకుడిపై పెట్టుకున్న నమ్మకాన్ని ఇది దెబ్బతీస్తుందని 1964లో మనస్తత్వ శాస్త్రవేత్త డయానా బామ్‌రిండ్ విమర్శించారు. పాల్గొన్నవారిలో 84 శాతం సంతోషమే వ్యక్తం చేశారన్నది మిల్‌గ్రామ్ సమాధానం. ముందు అడగాల్సిన అనుమతికి తర్వాతి సంతోషం బదులవుతుందా? నాకైతే ఆ వాదన మింగుడుపడదు.

సంతకం ఉన్నా సరిపోదని 1971లో స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగం చూపింది. ఖైదీలుగా, కాపలాదారులుగా నటించేందుకు విద్యార్థులు సమ్మతించారు, విశ్వవిద్యాలయ కమిటీ అనుమతించింది. కానీ పరిశోధకుడు ఫిలిప్ జింబార్డోయే జైలు సూపరింటెండెంట్ అవతారమెత్తాడు. రెండు వారాలనుకున్నది ఆరు రోజులకే ఆగింది. అదీ జింబార్డో స్నేహితురాలు, మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టినా మాస్లాక్ నిలదీశాకే.

చట్టాన్ని కదిలించింది మాత్రం వైద్య రంగం. సిఫిలిస్ సోకిన నల్లజాతీయులకు చికిత్స అందకుండా దశాబ్దాల పాటు గమనించిన టస్కీగీ అధ్యయనం 1972లో బయటపడింది. మనుషులపై పరిశోధనలకు సంబంధించి 1974లో అమెరికా చట్టం, వాటి నైతిక సూత్రాలు చెప్పే బెల్మాంట్ నివేదిక 1979లో వచ్చాయి.

అబద్ధాన్ని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమావళి ఇప్పటికీ పూర్తిగా నిషేధించలేదు. మరో మార్గం లేనప్పుడే వాడాలి, నొప్పి విషయంలో మభ్యపెట్టకూడదు, వీలైనంత త్వరగా నిజం చెప్పాలి. ఈ హద్దుల్లోనే మనస్తత్వ శాస్త్రవేత్త జెర్రీ బర్గర్ మిల్‌గ్రామ్ ప్రయోగాన్ని 150 వోల్టుల వద్ద ఆపి మళ్లీ చేసి, 2009లో ఫలితాలు ప్రచురించారు.

ఆ తర్వాత ప్రయోగశాలే మారిపోయింది. 2012 జనవరిలో ఒక వారం పాటు ఫేస్‌బుక్ 6,89,003 మందికి కనిపించే పోస్టుల్లో భావోద్వేగాల పాళ్లు మార్చి చూసింది. ఖాతా తెరిచేటప్పుడు ఒప్పుకున్న షరతులనే సమ్మతిగా చూపారు. 2014లో దాన్ని ప్రచురించిన పత్రిక తర్వాత ఆందోళన ప్రకటించింది. అయితే ప్రైవేటు సంస్థగా ఫేస్‌బుక్‌కు పరిశోధన నిబంధనలు పాటించాల్సిన బాధ్యత లేదని కూడా అదే ప్రకటనలో రాసింది.