‘ఇన్‌ఫ్లెక్ట్’: వంపు నుంచి వ్యాకరణం దాకా

ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి బజారులో ఒడియా, తెలుగు అక్షరాలతో వేలాడే ఫ్లెక్సీల పేరు, ‘వంచడం’ అనే అర్థమున్న ‘ఫ్లెక్టెరె’ అనే లాటిన్ క్రియ నుంచి పుట్టింది. ఆ క్రియకు ముందు ‘లోపలికి’ అని చెప్పే ‘ఇన్’ చేరగా ఏర్పడిన ‘ఇన్‌ఫ్లెక్టెరె’యే ఇంగ్లీషులో ‘ఇన్‌ఫ్లెక్ట్’ అయింది. రిఫ్లెక్ట్, డిఫ్లెక్ట్, మోకాలు వంచి మొక్కడాన్ని చెప్పే జెనుఫ్లెక్ట్ దీని దాయాదులే.

వస్తువును వంచడమనే తొలి అర్థానికి, గొంతు హెచ్చుతగ్గులను చెప్పే అర్థం తరువాత తోడైంది. 1704లో అచ్చయిన ‘ఆప్టిక్స్’ మూడో భాగంలో న్యూటన్, వెంట్రుకవంటి సన్నని వస్తువుల అంచున కాంతి దారి మళ్లడాన్ని ‘ఇన్‌ఫ్లెక్షన్’ అన్నాడు. నేడు నిలిచింది మాత్రం అంతకు ముందే ఇటలీ శాస్త్రజ్ఞుడు గ్రిమాల్డి పెట్టిన డిఫ్రాక్షన్ అనే పేరు.

విభక్తి, వచనాలను బట్టి పదం రూపం మారడమనే వ్యాకరణార్థం వీటన్నిటికన్నా ఆసక్తికరమైనది. గ్రీకులు విభక్తిని ‘ప్టోసిస్’, అంటే పడిపోవడం, అన్నారు. లాటిన్ పండితులు దానిని ‘కాసుస్’గా అనువదించుకోగా, అదే ఇంగ్లీషులో ‘కేస్’ అయింది. ప్రథమ నిటారుగా నిలబడినదనీ, తక్కిన విభక్తులు దాని నుంచి ఒరిగినవనీ ప్రాచీనుల ఊహ. లాటిన్‌లో రాజు ‘రేక్స్’, రాజు యొక్క ‘రేగిస్’, రాజుకు ‘రేగీ’. ఒక్క చివరి ముక్కే విభక్తినీ వచనాన్నీ కలిపి మోస్తుంది.

ఇటువంటి లాటిన్, సంస్కృతాలను వంగే భాషలనీ, తెలుగును ప్రత్యయాలు అతికించుకునే భాష అనీ భాషాశాస్త్రజ్ఞులు వేరు చేశారు. ఈ విభజన ఉపయోగకరమైనదే గాని, ఒడియా, తెలుగు రెండూ పక్కపక్కనే వినబడే పర్లాకిమిడి వంటి సరిహద్దులో అది అంత సూటిగా నిలవదు. ఒడియా కూడా లాటిన్ ఉన్న ఇండో-యూరోపియన్ కుటుంబానిదే. అయినా అందులో ఇల్లు ‘ఘొరొ’, ఇంటికి ‘ఘొరొకు’, ఇంటి నుంచి ‘ఘొరొరు’, ఇంట్లో ‘ఘొరొరె’ అంటారు కనుక మూలపదం చెక్కుచెదరదు. సంస్కృతంలోని గృహాయ, గృహాత్, గృహే వంటి రూపాలు కాలక్రమంలో అరిగిపోయి, వాటి చోట విడిగా గుర్తుపట్టగల ప్రత్యయాలు వచ్చాయి. అతుకుల భాష అని పేరుపడ్డ తెలుగులోనేమో ‘ఇల్లు’ ముందు ‘ఇంటి’గా మారాలి, ఆ తరువాతే ‘కి’ చేరాలి. చేయి చేతి అవుతుంది, కన్ను కంటి అవుతుంది, ఊరు ఊరి అవుతుంది. ఈ ఇ, టి, తి వర్ణాలనే మన వ్యాకరణం ఔపవిభక్తికాలంటుంది. బహువచనానికి వచ్చేసరికి ఈ వంపు బాగా తగ్గి, చేతులు చేతులకు, ఊళ్లు ఊళ్లకు అన్నట్లుగా ‘లు’ ‘ల’ కావడమొక్కటే మిగులుతుంది.