చల్లగా పంపాలంటే ఐస్ ఎక్కడ పెట్టాలి?

ఇన్సులినో టీకాలో పార్సిల్ చేయాల్సి వస్తే చాలామంది చేసే పని ఒకటే. థర్మాకోల్ పెట్టె తెచ్చి, సరుకు మధ్యలో పెట్టి, చుట్టూ డీప్ ఫ్రీజర్లోంచి అప్పుడే తీసిన ఐస్ ప్యాక్‌లు పట్టినన్ని కుక్కి, టేపు గట్టిగా చుట్టేసి పంపేస్తారు. ఐస్ ఎంత ఎక్కువ పడితే అంత భరోసా అన్నమాట. తీరా అవతలివాళ్లు పెట్టె తెరిస్తే ఐస్‌కి ఆనుకున్న సీసా గడ్డకట్టి ఉంటుంది, పై మూలన ఉన్నది గది వేడికి వచ్చేసి ఉంటుంది. ఒకే పెట్టె, ఒకే ప్రయాణం, సరుకు మాత్రం రెండు రకాలుగా పాడైంది. ఇంకో రెండు ప్యాక్‌లు ఎక్కువ పెట్టినా ఇదే జరిగేది.

పెట్టె చల్లదనాన్ని పుట్టించదు. లోపలికి వచ్చే వేడిని ఆలస్యం చేస్తుంది, అంతే. బయట వేడిగా ఉన్నంతసేపు ఎంత మంచి పెట్టెలోకైనా వేడి వస్తూనే ఉంటుంది, వచ్చినదాన్ని లోపల ఏదో ఒకటి మింగాలి. ఐస్ మింగినంతసేపు సరే, అది కరిగిపోయాక సరుకు మింగుతుంది. కాబట్టి ప్యాకింగ్ అంటే రెండు ప్రశ్నలు: గంటకి ఎంత వేడి వస్తోంది, దాన్ని ఏ ఉష్ణోగ్రత దగ్గర ఆపుతున్నాం. మొదటిదాని గురించి అందరూ ఆలోచిస్తారు, సరుకు ఎక్కువగా పాడయ్యేది రెండోదాన్ని పట్టించుకోకపోవడం వల్ల.

మొదటి లెక్క చాలా తేలిక, ఒకసారి వేసి చూద్దాం. లోపల అన్ని వైపులా 30 సెంటీమీటర్లు ఉండే థర్మాకోల్ పెట్టె, గోడ మందం 4 సెంటీమీటర్లు. బయట 35 డిగ్రీలు, లోపల 5 ఉండాలి, అంటే తేడా 30. థర్మాకోల్ ఉష్ణవాహకత, అంటే వేడి దాని గుండా ఎంత తేలిగ్గా దాటుతుందో చెప్పే అంకె, సుమారు 0.035. గోడల వైశాల్యం, లోపలి కొలతకీ బయటి కొలతకీ మధ్యస్థంగా తీసుకుంటే 0.68 చదరపు మీటర్లు. ఇవి గుణించి మందంతో భాగిస్తే దాదాపు 18 వాట్లు. ఒక ఎల్‌ఈడీ ట్యూబ్‌లైట్ తినే కరెంటంత. వినడానికి ఏముందిలే అనిపిస్తుంది కానీ, రోజంతా అలా వస్తూ ఉంటే 15 లక్షల జౌళ్లు (వేడిని కొలిచే ప్రమాణం) దాటుతుంది. కిలో ఐస్ సున్నా డిగ్రీల దగ్గర పూర్తిగా కరగడానికి తీసుకునేది 3.34 లక్షల జౌళ్లు. అంటే ఈ పెట్టెకి రోజుకి 4.6 కిలోల ఐస్ కావాలి. రెండు రోజుల ప్రయాణమైతే 9 కిలోల పైమాటే, అది పెట్టెలో మూడో వంతు కంటే ఎక్కువ చోటు తినేస్తుంది. మూడు రోజులైతే సగం పెట్టె ఐసే. ఎండలో ఆగిన వ్యాను లోపల 35 దగ్గర ఎప్పుడూ ఆగదు కాబట్టి అసలు అవసరం ఇంకా ఎక్కువే ఉంటుంది.

గోడ మందం రెట్టింపు చేస్తే వేడి సగానికి తగ్గాలి కదా? తగ్గదు. పై పెట్టెకే 8 సెంటీమీటర్ల గోడ వేసి లెక్కేస్తే 9 వాట్లు రాదు, 11 వస్తుంది, ఎందుకంటే గోడ మందమయ్యేకొద్దీ పెట్టె పెరుగుతుంది, పెట్టెతో పాటు వేడి దూరే ఉపరితలమూ పెరుగుతుంది. పైగా కొరియర్ ఛార్జీ బరువుకే కాదు, సైజుకీ పడుతుంది. మందంగా చేస్తూ పోవడానికి ఎక్కడో ఒకచోట ఆగాల్సిందే.

సైజు మాట వచ్చింది కాబట్టి పనిలో పనిగా ఇది కూడా. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు పదింతలు చేస్తే లోపల పట్టే సరుకు వెయ్యింతలవుతుంది, వేడి దూరే ఉపరితలం మాత్రం వందింతలే అవుతుంది. పెద్ద సరుకు చల్లగా పంపడం సులువు, చిన్నదే కష్టం. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ 1833లో ఓడలో 180 టన్నుల ఐస్ కలకత్తాకి పంపితే నాలుగు నెలల సముద్ర ప్రయాణం, భూమధ్యరేఖ రెండుసార్లు దాటడం, అన్నీ అయ్యాక కూడా సుమారు 100 టన్నులు మిగిలింది. అప్పటికి థర్మాకోల్ లేదు, ఫ్రీజరూ లేదు. రంపపు పొట్టులాంటి వాటితో, అంత పెద్ద గుట్టగా పేర్చడం వల్లే అది సాధ్యమైంది. అదే ఓడలో ఒక్క కిలో ఐస్ పెట్టి ఉంటే రేవు దాటకముందే నీళ్లయ్యేది.

థర్మాకోల్‌లో 98 శాతం గాలే. మిగతా ప్లాస్టిక్ ఆ గాలిని కదలకుండా పట్టుకోవడానికి ఉంది. కదలని గాలి వేడిని చాలా తక్కువ మోస్తుంది, దాని ఉష్ణవాహకత 0.026. కదిలే గాలి సంగతి వేరు, వేడి గోడ దగ్గర వేడెక్కి పైకి లేస్తుంది, చల్లటిచోట కిందికి దిగుతుంది, అలా తిరుగుతూ వేడిని మోసుకొస్తుంది. అందుకే పెట్టెలో సరుకు చుట్టూ ఖాళీ వదలకూడదు. ఖాళీ ఉంటే కాగితం ఉండలు చుట్టి పెట్టినా మేలే, అవి గాలిని అక్కడికక్కడే ఆపుతాయి. మూత సరిగ్గా కూర్చోకపోవడం ఇంకా పెద్ద సమస్య, గోడ ఎంత మందంగా ఉన్నా మూత అంచున సన్నటి సందు ఉంటే ఆ పెట్టుబడంతా వృథా. వెండి రంగు రేకు గురించి కూడా ఒక మాట: మెరిసే రేకు ఎండ వేడిని తిప్పికొడుతుంది నిజమే, కానీ దాని ముందు కాస్త గాలి చోటు ఉంటేనే. అట్టకీ థర్మాకోల్‌కీ మధ్య నొక్కేసి పెడితే అది ఉన్నా లేనట్టే.

గాలినీ తీసేస్తే? 1892లో జేమ్స్ డ్యూవర్ చేసిన ఫ్లాస్కు ఆ పనే చేసింది, కానీ దాన్ని చదరపు పెట్టెగా చేయబోతే బయటి గాలి ఒత్తిడికి గోడలు లోపలికి నలిగిపోతాయి. ఇప్పుడు వాక్యూమ్ ప్యానెల్స్ అని దొరుకుతున్నాయి. మెత్తటి సిలికా పొడిని పలకలాగా నొక్కి, లోహపు పొర ఉన్న కవర్లో పెట్టి గాలి లాగేస్తారు. ఆ పొడిలో సందులు ఎంత చిన్నవంటే, మిగిలిన కొద్దిపాటి గాలి అణువులకి ఒకదాన్నొకటి గుద్దుకునే అవకాశమే రాదు, ముందే సందు గోడని గుద్దుకుంటాయి, ఇక వేడిని చేతులు మార్చుకోలేవు. ఉష్ణవాహకత 0.004 నుంచి 0.008 దాకా దిగుతుంది, అంటే థర్మాకోల్ కంటే కనీసం నాలుగు రెట్లు మెరుగు. చిక్కేమిటంటే దాన్ని కోయలేం, మేకు కొట్టలేం, కవరుకి సూది మొనంత బెజ్జం పడినా గాలి దూరి పనితనం చాలావరకు పోతుంది, బయటికి చూస్తే మాత్రం తెలియదు. ఖరీదు కూడా ఎక్కువే, అందుకే వాడిన పెట్టెని వెనక్కి తెప్పించుకుని మళ్లీ వాడే పద్ధతిలోనే ఇవి గిట్టుబాటవుతాయి.

ఇక ఐస్ సంగతి. జెల్ ప్యాక్ మామూలు నీళ్ల ప్యాక్ కంటే ఎక్కువసేపు చల్లగా ఉంటుందనే నమ్మకం గట్టిగా ఉంది. అందులో దాదాపు అంతా నీళ్లే, చిక్కబడటానికి కాస్త పాలిమర్ కలుపుతారు. పగిలితే కారదు, ఆకారం నిలుస్తుంది, అదీ లాభం. వేడిని మింగే శక్తి నీళ్లదే, జెల్ దానికి కలిపేది ఏమీ లేదు.

ఐస్ బలమంతా కరగడంలో ఉంది. మైనస్ 20 డిగ్రీల ఐస్ సున్నా దాకా వేడెక్కేటప్పుడు కిలోకి 42 వేల జౌళ్లు తీసుకుంటుంది, సున్నా దగ్గర కరిగేటప్పుడు 3 లక్షల 34 వేలు. అంటే డీప్ ఫ్రీజర్లో దాన్ని అంత కిందికి దించినందుకు మనకి అదనంగా దక్కింది ఎనిమిదో వంతు. ఆ ఎనిమిదో వంతు కోసం తెచ్చుకున్న ప్రమాదం మాత్రం చాలా పెద్దది, ఎందుకంటే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన సీసాకి మైనస్ 20లో ఉన్న దిమ్మని ఆనించి పెడుతున్నాం.

గడ్డకడితే ఏమవుతుంది, మళ్లీ కరుగుతుంది కదా అంటారు. ఇన్సులిన్ ఒకసారి గడ్డకడితే తర్వాత కరిగి మామూలుగా కనిపించినా వాడకూడదు. హెపటైటిస్ బి, ధనుర్వాతం, డీపీటీ, హెచ్‌పీవీ లాంటి టీకాల్లో అల్యూమినియం లవణం ఉంటుంది, టీకాలోని అసలు పదార్థం దాని సూక్ష్మ రేణువులకి అంటుకుని తేలుతూ ఉంటుంది. నీరు గడ్డకట్టేటప్పుడు స్ఫటికాలు ఈ రేణువుల్ని ఒకపక్కకి నెట్టి ఉండలు కట్టిస్తాయి, కరిగాక అవి విడిపోవు. దీన్ని పట్టుకోవడానికి ఒక చక్కటి పరీక్ష ఉంది, ఏ యంత్రమూ అక్కర్లేదు. అదే రకం, అదే బ్యాచ్ సీసా ఒకటి కావాలని గడ్డకట్టించి కరిగిస్తారు. దాన్నీ అనుమానం ఉన్న సీసానీ ఒకే చేత్తో పట్టుకుని బాగా కుదిపి, పక్కపక్కన బల్ల మీద నిలబెట్టి అర గంట దాకా చూస్తారు. గడ్డకట్టించినదాంట్లో తెల్లటి ముక్కలు చకచకా అడుక్కి దిగి పైన తేట తేరుతుంది. బాగున్న టీకా ఇంకా పాల రంగులో మసకగానే ఉంటుంది. అనుమానం ఉన్నది కూడా అంతే వేగంగా తేరితే, పారేయడమే.

1996 నుంచి పోలియో చుక్కల సీసాల మీద వేడి తగిలేకొద్దీ రంగు మారే చిన్న చదరం గుర్తు వేస్తున్నారు, తర్వాత మిగతా టీకాలకీ వచ్చింది. ఎంతో పనికొచ్చే గుర్తు. కానీ అది వేడినే చెబుతుంది. టీకా గడ్డకట్టినా ఆ చదరం తెల్లగా, అమాయకంగా అలాగే ఉంటుంది. వేడి మీద అందరికీ టెన్షన్, అతి చలి మీద ఎవరికీ లేదు అనడానికి ఇంతకంటే ఏం కావాలి!

దీనికి పాత విరుగుడు ఐస్‌ని కాసేపు బయట పెట్టడం. ప్యాక్‌లు ఫ్రీజర్ నుంచి తీసి బల్ల మీద విడివిడిగా పరుస్తారు. మొదట పైన తెల్లటి నూగు పడుతుంది, తర్వాత అది నీటి చుక్కలవుతుంది, చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించాలి. అంటే ప్యాక్ సున్నా డిగ్రీలకి వచ్చింది, కరిగే శక్తి ఇంకా దాదాపు మొత్తం ఉంది. గది వేడిని బట్టి దీనికి పట్టే సమయం మారుతుంది కాబట్టి గడియారం కంటే ఆ చప్పుడునే నమ్మాలి. బాగా సున్నితమైన సరుకైతే ఇది కూడా చాలదు, 5 డిగ్రీల నీళ్ల ప్యాక్‌లే పెడతారు. వాటితో గడ్డకట్టే భయం లేదు గానీ, 5 నుంచి 8కి చేరేలోపు కిలో నీళ్లు మింగేది పన్నెండున్నర వేల జౌళ్లే, కరిగే ఐస్‌తో పోలిస్తే ఇరవై ఏడో వంతు. కొద్ది గంటల ప్రయాణానికే పనికొస్తాయి.

ఇక్కడే అసలైన తెలివి కనిపిస్తుంది: సున్నా దగ్గర కాకుండా 5 డిగ్రీల దగ్గర కరిగే ఐస్ ఉంటే? ఉంది. టెట్రాడెకేన్ అనే, మైనం జాతికి చెందిన పదార్థం సుమారు 6 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కిలోకి 2 లక్షల జౌళ్లకి పైగా మింగుతుంది. ఐస్ కంటే తక్కువే, కానీ సరుకుకి ఆనించి పెట్టినా భయం లేదు. ఈ రంగంలో వీటిని పీసీఎంలు అంటారు, దశ మారే పదార్థాలన్నమాట. మరో గమ్మత్తు, బయట గడ్డకట్టే చలి ఉన్నప్పుడు ఇదే పదార్థం రివర్స్‌లో పనిచేస్తుంది, తాను గడ్డకడుతూ వేడిని వదిలి సరుకుని సున్నా కిందికి పోకుండా కాపాడుతుంది. విమానం ఎండల్లో ఎక్కి మంచులో దిగే సరుకుకి ఇది ఎంత అవసరమో చెప్పక్కర్లేదు.

ఐస్ ఎక్కడ పెట్టాలన్నదానికి జవాబు వేడి ఎటు నుంచి వస్తుందో అటే, గోడకీ సరుకుకీ మధ్య. వచ్చే వేడిని సరుకు దాకా చేరనివ్వకుండా దారిలోనే ఆపాలి. వేడి ఆరు వైపుల నుంచీ వస్తుంది, అడుగు నుంచి కూడా, ఎండకి కాలిన నేల మీద పెట్టె పెడితే మరీ. అన్ని వైపులా పెట్టేంత ఐస్ లేకపోతే పక్కలకీ పైనా పెట్టాలి, చల్లటి గాలి ఎలాగూ కిందికి దిగుతుంది. మధ్యలో ఐస్ పెట్టి చుట్టూ సరుకు పేర్చడం అన్నిటికంటే చెత్త పద్ధతి, మూలల్లో ఉన్నవి గోడ వేడికి, నడుమ ఉన్నవి ఐస్ చలికి బలవుతాయి. సరుకుకీ ఐస్‌కీ మధ్య ఒక అట్ట ముక్క అడ్డం ఉండాలి. సరుకుని ముందే చల్లబరచకుండా పెట్టేవాళ్లని చూస్తే మాత్రం ఏమనాలో తెలియదు, 25 డిగ్రీల్లో ఉన్న నీళ్లలాంటి సరుకు కిలో పెడితే దాన్ని 5కి దించడానికే పావు కిలో ఐస్ ఖర్చయిపోతుంది, పెట్టె గుమ్మం దాటకముందే.

డ్రై ఐస్ వేరే లోకం. గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, మైనస్ 78.5 డిగ్రీలు, కరగకుండా నేరుగా ఆవిరవుతుంది, కిలోకి 5.7 లక్షల జౌళ్లు మింగుతుంది. ఐస్ కంటే బాగా ఎక్కువ కాబట్టి ఎక్కువ కాలం వస్తుందనుకుంటారు. కానీ లోపల మైనస్ 78 ఉంటే బయటితో తేడా 30 కాదు, 113, వేడి కూడా దాదాపు నాలుగింతల వేగంతో వస్తుంది. మన పెట్టెలోనే వేసి చూస్తే రోజుకి దాదాపు 10 కిలోలు పోతుంది. 2020 చివర్లో ఫైజర్ కోవిడ్ టీకాని మైనస్ 70 దగ్గర ఉంచి పంపడానికి ప్రత్యేకమైన పెట్టెలు చేయాల్సి రావడం, వాటిలోనే టీకా నిల్వ ఉంచితే అయిదు రోజులకోసారి డ్రై ఐస్ నింపాల్సి రావడం ఇందుకే. ఇంకో విషయం, కిలో డ్రై ఐస్ 500 లీటర్లకి పైగా గ్యాస్ అవుతుంది. గాలి చొరకుండా మూసిన డబ్బాలో పెడితే అది పేలుతుంది, కిటికీలు మూసిన కారులో పెడితే ఊపిరాడదు. అందుకే విమానాల్లో దీన్ని ప్రమాదకర సరుకుగా, యూఎన్ 1845 నంబరుతో, ఎన్ని కిలోలుందో పెట్టె మీద రాసి పంపాలి. గ్యాస్ పోయే దారి వదలాలి.

ఇంత చేశాక పెట్టె పనిచేసిందో లేదో తెలియాలంటే డేటా లాగర్, అంటే దారి పొడవునా ఉష్ణోగ్రతని నమోదు చేసే చిన్న పరికరం పెట్టాలి. జనం దాన్ని పెట్టె నడిమధ్యలో పెడతారు, అక్కడ ఉష్ణోగ్రత ఎప్పుడూ బాగానే ఉంటుంది. పెట్టాల్సింది రెండు: ఒకటి ఐస్‌కి దగ్గరగా ఉన్న సీసా పక్కన, ఇంకోటి ఐస్‌కి దూరంగా పై మూలన. మొదటిది 2 కిందికి దిగకుండా, రెండోది 8 పైకి ఎక్కకుండా ప్రయాణం మొత్తం గడిస్తేనే ఆ పెట్టె, ఆ ఐస్, ఆ అమరిక ఆ సరుకుకి పనికొచ్చినట్టు, అదీ ఆ కాలానికే. ఎండాకాలంలో నెగ్గిన అమరికని చలికాలంలో మళ్లీ పరీక్షించాల్సిందే.