షుగర్ ఉన్నవాళ్ల కడుపులో హెచ్ పైలోరి: రోజూ వినే అపోహలు

"గ్యాస్ సార్, అంతే." కుర్చీలో కూర్చోకముందే చెప్పేస్తారు. చేతిలో పాలిథిన్ కవరు, అందులో షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు, వాటి మధ్య సగం అయిపోయిన పాంటాప్రజోల్, అంటే యాసిడ్ తగ్గించే గ్యాస్ మాత్రల స్ట్రిప్పు. ఇదెవరు రాశారండీ అంటే మెడికల్ షాపు అబ్బాయి. గుంటూరులో కడుపు డాక్టరుగా ఉన్నవాడికి ఆ కవరు చూస్తే సగం కథ అర్థమైపోతుంది. మిగతా సగంలో హెచ్ పైలోరి అనే బ్యాక్టీరియా క్రిమి ఉందా లేదా అన్నది చూడాలి.

అపోహ: షుగర్ ఉంటే కడుపు ఉబ్బరం మామూలే.

మామూలే అనుకుని ఏళ్లు గడిపేసినవాళ్లు చాలామంది. ఉబ్బరానికి కారణాలు చాలా ఉంటాయి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర కొత్తగా మొదలుపెట్టినా, డోసు పెంచినా కడుపులో గడబిడ, విరేచనాలు రావచ్చు. ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే కడుపు నరాలు మొద్దుబారి, రాత్రి తిన్న అన్నం పొద్దునకి కూడా కిందికి దిగకపోవచ్చు. ఈమధ్య బరువు తగ్గడానికని వాడే సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్లు కూడా అరుగుదలని నెమ్మది చేస్తాయి. వీటిలో దేనితోనైనా వచ్చే వికారం, త్రేన్పులు, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం హెచ్ పైలోరితో కూడా వస్తాయి. లక్షణాలు చూసి ఇది ఫలానా అని చెప్పడం నా వల్ల కూడా కాదు, పరీక్ష చేయాల్సిందే.

ఒక్క విషయం మాత్రం అన్నిటికన్నా ముందు. షుగర్ ఉన్నవాళ్లకి గుండెపోటు కూడా గ్యాస్‌లాగే రావచ్చు, ఛాతీ నొప్పి పెద్దగా తెలియకపోవచ్చు. ఉన్నట్టుండి పొట్ట పైభాగంలో మంట, దానితో చెమటలు, ఆయాసం ఉంటే జెలుసిల్ తాగి పడుకోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి. కడుపు సంగతి తర్వాత చూద్దాం.

అపోహ: కారం తినడం వల్లే ఈ ఇన్ఫెక్షన్.

మా ఊళ్లో కూర్చుని ఈ మాట వింటే నవ్వొస్తుంది, ఎందుకంటే అదే నిజమైతే ఇక్కడ ఒక్క కడుపు కూడా మిగలకూడదు. కారం మంటని పెంచుతుందేమో గానీ క్రిమిని పుట్టించదు. ఈ క్రిమి ఎక్కువగా చిన్నప్పుడే, ఇంట్లోవాళ్ల నుంచో, శుభ్రంగా లేని నీళ్లు, తిండి నుంచో వస్తుంది. కడుపులోని యాసిడ్‌లో ఏ క్రిమీ బతకదని ఒకప్పుడు డాక్టర్లే అనుకునేవాళ్లు. ఇది మాత్రం యూరియాని విరగ్గొట్టి అమ్మోనియా తయారుచేసుకుని, తన చుట్టూ యాసిడ్ బలాన్ని తగ్గించుకుని బతికేస్తుంది. ఈ క్రిమి వల్లే కడుపులో పుండ్లు వస్తాయని ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్ అనే డాక్టరు చెబితే ఎవరూ నమ్మడంలేదని 1984లో ఆ క్రిమిని తనే తాగేశాడు, కొద్ది రోజుల్లోనే వాంతులు, కడుపులో వాపు. 2005లో ఆయనకీ, ఆయనతో కలిసి ఈ క్రిమిని కనిపెట్టిన రాబిన్ వారెన్‌కీ కలిపి నోబెల్ ఇచ్చారు.

అపోహ: క్రిమిని చంపేస్తే షుగర్ కూడా పోతుంది.

పోదు. షుగర్ ఉన్నవాళ్లలో ఈ ఇన్ఫెక్షన్ కాస్త ఎక్కువగా కనిపిస్తుందని చాలా అధ్యయనాలు చెప్పాయి, అంతమాత్రాన ఒకటి పోతే రెండోది పోతుందని కాదు. చికిత్స తర్వాత షుగర్ అదుపు మెరుగుపడుతుందా అంటే కొన్నిట్లో అవునని, కొన్నిట్లో లేదని వచ్చింది. దాని కోసం మీ షుగర్ మాత్రలు ఆపను.

అయితే ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఈ క్రిమి ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. ఐరన్ తగ్గితే మూడు నెలల షుగర్ పరీక్ష, అదే హెచ్‌బీఏ1సీ, ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. ఇంట్లో గ్లూకోమీటర్‌లో బాగానే ఉండి, ల్యాబ్ కాగితంలో మాత్రం పెరిగిపోతోంటే రక్తహీనత ఉందేమో చూడమని అడగండి. బీ12 సంగతీ అంతే, మెట్‌ఫార్మిన్ దాన్ని తగ్గిస్తుంది, ఏళ్ల తరబడి మింగే గ్యాస్ మాత్ర తగ్గిస్తుంది, హెచ్ పైలోరీ తగ్గిస్తుంది. అరికాళ్ల తిమ్మిర్లన్నీ షుగర్ ఖాతాలో రాసేసే ముందు బీ12 ఒకసారి చూడటం మంచిది.

అపోహ: రక్తపరీక్షలో పాజిటివ్ వస్తే మందులు మొదలుపెట్టేయాలి.

క్రిమి పోయాక కూడా రక్తంలో యాంటీబాడీలు చాలాకాలం ఉండిపోతాయి. ఇప్పుడు ఉందా అన్నది తేలాలంటే ఊపిరి పరీక్ష, మలపరీక్ష, లేదా ఎండోస్కోపీలో తీసిన ముక్క. వీటికి ముందు పాంటాప్రజోల్ లాంటివి 2 వారాలు, యాంటీబయాటిక్స్ 4 వారాలు ఆపి ఉండాలి, లేకపోతే క్రిమి ఉన్నా లేదని రావచ్చు. ఊపిరి పరీక్షకి పరగడుపున రావాలి కదా, పొద్దున్నే అలవాటు కొద్దీ గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకునో ఇన్సులిన్ పొడుచుకునో వచ్చి వరండాలోనే కళ్లు తిరిగి కూర్చున్నవాళ్లున్నారు. ఆ రోజు ఏది ఎప్పుడు వేసుకోవాలో ముందే కనుక్కోండి.

అపోహ: యాంటీబయాటిక్స్‌కీ షుగర్‌కీ సంబంధం లేదు.

ఇది నేను నా తప్పుతో నేర్చుకున్నాను. ఒక పెద్దాయన, గ్లిమిపిరైడ్ మీద ఉన్నారు, ఈ క్రిమికి క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్న కోర్సు రాశాను, షుగర్ గురించి గట్టిగా చెప్పలేదు. నాలుగో రోజు అర్ధరాత్రి వాళ్ల అబ్బాయి ఫోన్, నాన్నకి చెమటలు పట్టి మాట తడబడుతోందని. మీటర్ పెట్టమంటే 48. స్పృహలోనే ఉన్నారు కాబట్టి నీళ్లలో మూడు చెంచాల పంచదార కలిపి తాగించమన్నాను, పదిహేను నిమిషాలకి 80 దాటింది, ఆ తర్వాత కాస్త పెరుగన్నం. క్లారిత్రోమైసిన్ ఆ రకం మాత్రల ప్రభావాన్ని పెంచుతుంది. దానికితోడు నోరంతా ఇనుము రుచి, అన్నం సయించదు, కానీ షుగర్ మాత్ర మాత్రం పాత డోసే. లెవోఫ్లాక్సాసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ అయితే షుగర్‌ని పైకైనా కిందికైనా తీసుకుపోగలదు. అప్పటినుంచి చీటీ మీద ఎర్ర ఇంకుతో రాస్తున్నాను: కోర్సు ఉన్నన్నాళ్లూ రోజుకి మూడు నాలుగుసార్లు మీటర్, 70 కన్నా తగ్గితే తీపి తీసుకుని నాకు ఫోన్. కొలెస్ట్రాల్ మాత్ర వాడుతుంటే అదీ చెప్పండి, కొన్నిటిని ఆ కొన్నాళ్లు ఆపాల్సి రావచ్చు.

అపోహ: మంట తగ్గింది కాబట్టి కోర్సు చాలు.

మంట తగ్గించేది యాసిడ్ మాత్ర, క్రిమి అలాగే ఉండొచ్చు. సాధారణంగా కోర్సు 14 రోజులు. మన దేశంలో మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్‌కీ, క్లారిత్రోమైసిన్‌కీ లొంగని క్రిమి రకాలు బాగానే ఉన్నాయి. షుగర్ ఉన్నవాళ్లలో మొదటి కోర్సు పనిచేయకపోవడం కూడా కాస్త ఎక్కువ. అందుకే కోర్సు అయ్యాక కనీసం 4 వారాలు ఆగి మళ్లీ పరీక్ష చేయించుకోమంటాను. దానికి మాత్రం పదిమందిలో నలుగురు కూడా రారు, నా విసుగంతా అక్కడే.

బిస్మత్ అనే మందు ఉన్న కోర్సులో మలం నల్లగా వస్తుంది, కంగారుపడక్కర్లేదు. బిస్మత్, ఐరన్ మాత్రలు ఏవీ లేకుండా తారులా జిగటగా, నల్లగా, వాసనతో వస్తే మాత్రం అది రక్తం, తెల్లవారేదాకా ఆగకుండా బయల్దేరండి.